పక్క సీటుకు జ్ఞాపకం లేదు

పోయిన ఏడాది మేం కారు కొన్నాం. సెకండ్ హ్యాండుదే గానీ, ఆ మోడల్లో అన్నిటికన్నా ఖరీదైన రకం. ఇంటికి తెచ్చిన రోజే మావారు నాకో చిత్రం చూపించారు. డ్రైవరు వైపు తలుపు మీద 1, 2 అని రెండు మీటలున్నాయి. మావాడు నడిపి దిగాడంటే సీటు బాగా వెనక్కి జరిగి, కిందికి దిగి, వీపు వాలి ఉంటుంది. వాడు తండ్రికన్నా అరడుగు పొడుగు మరి! ఈయనగారు ఎక్కి 1 నొక్కారో లేదో, సీటు జుయ్‌మంటూ ముందుకొచ్చి, కాస్త పైకి లేచి, వీపు నిలబెట్టుకుని ‘దయచేయండి’ అన్నట్టు ఆగింది.

“చూసినవా, దీనికి నేను గుర్తున్న” అని తెగ మురిసిపోయారు.

“మరి నా సీటుకో?” అన్నాను.

నా సీటుకూ మోటార్లున్నాయి. మీట నొక్కితే ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు వాలుతుంది, ఎత్తు కూడా మారుతుంది. కానీ గుర్తు పెట్టుకునే మీటలు మాత్రం లేవు. ఆఖరున ఎవరు కూర్చుంటే వారి కొలతే. మళ్లీ మనం మొదటినుంచీ సరిచేసుకోవాల్సిందే.

“దానికెందుకు? ఆ సీట్ల ఎవరో ఒకరు కూసుంటరు గదా!” అన్నారు మావారు.

నిజమే, ఎవరో ఒకరు. మీ ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎవరో ఒకసారి తలుచుకోండి. మా ఇంట్లో అయితే నేను, మా అత్తమ్మ, పాలమూరు నుంచి వచ్చినప్పుడు మా అమ్మ. నాకు సీటు కాస్త పైకుంటే గానీ రోడ్డు కనబడదు. అమ్మకు మోకాళ్లు చాచుకోవాలి. అత్తమ్మ సంగతి వేరు. ఆమె కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అత్తమ్మది మర్రిగూడ మండలం. నల్లగొండ జిల్లా వాళ్లకు ఆ పేరు చెబితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం రెండు మాటలు. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఆ లెక్కను ఎప్పుడో దాటిపోయాయి. ఆ నీళ్లే తాగి, వాటితోనే అన్నం వండుకుని, వాటితోనే చాయ్ కాచుకుని తరాలు గడిచాయి. ఫ్లోరైడు ముందు పళ్లకు పసుపు, గోధుమ రంగు మచ్చలు తెస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే మెత్తని పట్టీలు కూడా గట్టిపడి ఎముకల్లా అవుతాయి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతే, వెన్నెముక విడివిడి పూసల దండలా కాక ఒకటే కడ్డీలా అవుతుంది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. వంగాలంటే నడుం రాదు, మోకాళ్లు రావు.

ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. మా జిల్లాకు మాత్రం దాని పేరే ఇంటి పేరైపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు రూపొందించారు. ప్రపంచమంతా పుస్తకాల్లో దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. ఊరి పేరు ఇట్లా మోగడం గర్వమో బాధో నాకు ఇప్పటికీ తేలలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోడు వినిపించడానికి నల్లగొండలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామి ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా ఎన్నో ఏళ్లు తిరిగి, 2023 జనవరిలో కన్ను మూశాడు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లా నీళ్లు వచ్చాయి. పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయని అత్తమ్మ సంబరపడుతుంది. కానీ నీళ్లు మారినంత మాత్రాన ముదిరిన ఎముకలు వెనక్కి రావు గదా.

అట్లాంటి మనిషిని కారులో కూర్చోబెట్టడం ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఆమెకు మెడ వంగదు. తలుపు దగ్గర తల వంచకుండా లోపలికి పోవాలి. సీటు నిటారుగా ఉంటే తల ముందుకు తోసుకొస్తుంది. బాగా వాల్చితే పైకప్పు తప్ప ఏమీ కనబడదు. ఈ రెండింటికీ నడుమ ఆమెకు సరిపోయే చోటు ఒక్కటే ఉంది. అది బెత్తెడు కూడా ఉండదు. అక్కడికి సీటు వస్తే ఆమె ముఖం విచ్చుకుంటుంది. రాకపోతే పెదవి బిగబట్టి కూర్చుంటుంది.

బిగబట్టి కూర్చున్న ఆ రోజు చెప్తాను. మా పెద్దన్న కూతురి పెళ్లి. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు పోవాలి. దారిలో మేం ఎక్కడ ఆగినా ఆగకపోయినా మూడు గంటలు పైనే. ముందురోజు మావాడి దోస్తు ఎవడో ఆ సీట్లో కూర్చుని ఇష్టం వచ్చినట్టు వాల్చుకున్నాడు. అత్తమ్మను కూర్చోబెట్టినంక మావారు హడావిడిగా సీటు సరిచేయబోయి, వెనక్కి జరపాల్సింది ముందుకు జరిపారు. మోకాళ్లు పోయి డ్యాష్‌బోర్డు కింద తగిలాయి. ఆమె అమ్మో అన్నది. వెంటనే సీటు వెనక్కి జరిపారు. “ఏం గాలే, పా బిడ్డా” అన్నది ఆమె.

వెనక సీట్లో ఉన్న నాకు ఆమె ముఖం కనబడదు. ఆమె తల తిప్పి నావైపు చూడలేదు గదా! దేవరకొండ రోడ్డు మీద ఎన్నిసార్లు మాటలు కలిపినా ఊఁ అనడమే తప్ప మాటల్లేవు. కల్వకుర్తిలో చాయ్ కోసం ఆపి, నేను దిగి ముందు తలుపు తీశాను. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

“చెప్పొద్దా అత్తమ్మా?”

“చెప్తె ఆపుతరు. ఆపి నన్ను దింపి, మల్ల ఎక్కిస్తరు. మీ వాళ్లింట్ల లగ్నానికి ఆలస్యమైతది” అన్నది. కాసేపాగి, “మనిషిని కూసోబెట్టినట్టు లేదు బిడ్డా, బస్తా పెట్టినట్టు పెడుతుండ్రు” అన్నది.

ఆ తర్వాత మూడు నెలలు ఆమె కారెక్కలేదు. గుడికి పిలిస్తే మోకాళ్లు అన్నది, బోనాలకు పిలిస్తే మీరు పోయిరాండ్రి అన్నది. హైదరాబాదులో డాక్టరుకు చూపించాల్సిన రోజు కూడా వాయిదా వేయించింది. అప్పుడే అనుకున్నాను, ఈ పక్క సీటుకు కూడా ఆ 1, 2 మీటలు పెట్టించి తీరాలని.

పెట్టించడం ఎట్లా?

నేను తెలుగు బీయే చదువుకున్నదాన్ని. మోటారుకూ మీటరుకూ తేడా తెలియనిదాన్ని. కానీ అవసరం పడితే ఆడవాళ్లం ఏదైనా నేర్చుకుంటాం, కుక్కరు వాషరు మార్చడం నేర్చుకోలేదూ! ముందు నల్లగొండలో సీటు కవర్లు కుట్టే షాపులో అడిగాను. “అది మా పని గాదు మేడం, కరెంటు పని” అన్నాడు. కారు ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే “కంపెనీలనే ఇయ్యలె గదా” అన్నాడు. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ దొరికాడు. అడగ్గానే కాదనలేదు, అవుననీ అనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, “అక్కా, ముందు అది ఎట్ల పనిచేస్తదో సమజ్ చేసుకో” అన్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెప్తాను.

సీటు కింద ఒక్కో కదలికకూ ఒక్కో చిన్న మోటారు ఉంటుంది. ముందుకూ వెనక్కూ జరగడానికి ఒకటి, ఎత్తుకు ఒకటి, వీపు వాలడానికి ఒకటి. జ్ఞాపకం ఉన్న సీటులో ప్రతి మోటారుకూ ఒక లెక్కపెట్టే కన్ను ఉంటుంది. దాన్ని హాల్ సెన్సారు అంటారు. ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1879లో కనిపెట్టిన సూత్రం మీద అది పనిచేస్తుంది. మోటారు తిరుగుతున్న కొద్దీ అది ఒక్కో చుట్టునూ లెక్కపెడుతుంది. కల్లంలో వడ్లు కొలిచే పెద్దమనిషి ‘లాభం, రెండు, మూడు’ అని లెక్క తప్పకుండా కొలుస్తాడు చూడండి, అట్లా. ఆ లెక్కలన్నీ సీటు కింద ఒక చిన్న పెట్టె రాసి పెట్టుకుంటుంది. మనం ‘సెట్’ నొక్కి 1 నొక్కితే, ఇప్పుడున్న లెక్కను 1 పేరు మీద రాసుకుంటుంది. రేపు 1 నొక్కగానే ఆ లెక్క వచ్చేదాకా మోటార్లు తిప్పి ఆపేస్తుంది. ఇంతే జ్ఞాపకం!

“ఇప్పుడు నీ పక్క సీటు చూద్దాం పా” అని టార్చి తీసుకుని సీటు కిందికి వంగాడు. నన్నూ వంగి చూడమన్నాడు. డ్రైవరు సీటు మోటారుకు పోయే గొట్టంలో సన్నవీ లావువీ కలిపి తీగలు గుత్తిగా ఉన్నాయి. పక్క సీటు మోటారుకు రెండంటే రెండే లావు తీగలు. “రెండు తీగలంటే తిరుగుడే. లెక్కపెట్టే కన్ను లేదు. మోటారు గుడ్డిది అక్కా” అన్నాడు. చూసుకోవడానికి ఇంతకంటే తేలిక గుర్తు లేదు. మీ కారుకు కూడా ఈ పని చేయించాలనుకుంటే ముందు తీగలు లెక్కపెట్టండి.

అంటే పెట్టె ఒక్కటీ తెచ్చి బిగిస్తే చాలదు. మోటార్లు మార్చాలి, లేదా సీటు మొత్తం మార్చాలి. సెన్సారు లేని మోటార్లకు పెట్టే పెట్టెలూ బజారులో ఉన్నాయిగానీ, అవి టైము చూసి పనిచేస్తాయి. అంటే ‘మూడు సెకన్లు తిప్పు’ అని మాత్రమే వాటికి తెలుసు. సీట్లో బరువు మనిషి ఉంటే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, బ్యాటరీ నీరసంగా ఉంటే మరీ నెమ్మది. రోజూ కొంచెం కొంచెం పక్కకు పోయి, పదిరోజులకు లెక్క మొత్తం తప్పుతుంది. అత్తమ్మకు కావాల్సిన చోటు బెత్తెడు కూడా లేదని చెప్పాను గదా!

మావారి దోస్తు తమ్ముడు షార్జాలో ఉంటాడు. అతనికి ఫోను చేశాం. అతనికి అద్భుతమైన ఆలోచన తట్టింది. “మన దగ్గర డ్రైవరు కుడిపక్క. ఇక్కడ డ్రైవరు ఎడమపక్క. ఇక్కడి పాత కార్ల డ్రైవరు సీటు పంపిస్తే మీకు పక్క సీటుకు సరిపోతది గదా వదినా! జ్ఞాపకం మీటలతోనే వస్తది” అన్నాడు. షార్జాలో పాత కార్ల సామాను దొరికే పెద్ద పెద్ద దుకాణాలు వరుసగా ఉంటాయట. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎడమది ఎడమకే వస్తుంది, ఇంత తేలిక సంగతి ఎవరికీ తట్టలేదేమని!

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. “మంచిగనే ఆలోచన చేసిండు. కానీ పక్క సీటు కింద ఇంకోటి ఉంటది అక్కా” అన్నాడు.

ఏమిటంటే, పక్క సీటు మెత్త కింద మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టే పలకో రేకో ఉంటుంది. బెల్టు పెట్టుకోకపోతే ‘టింగ్ టింగ్’ మని మొత్తుకునేది దానివల్లే. కొన్ని కార్లలో పక్క ఎయిర్ బ్యాగు విచ్చుకోవాలా వద్దా అన్నదీ అదే చెబుతుంది. డ్రైవరు సీటుకు అది అక్కర్లేదు, ఎందుకంటే డ్రైవరు లేకుండా కారు పోదు గదా! అక్కడి డ్రైవరు సీటు తెచ్చి ఇక్కడ పక్క సీటుగా పెడితే ఆ పలక ఉండదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. దీపం వెలిగిందంటే ఎయిర్ బ్యాగు మీద నమ్మకం పోయినట్టే. పైగా కొన్ని సీట్ల పక్కన కూడా ఎయిర్ బ్యాగు కుట్టి ఉంటుంది. వాటి తీగల గొట్టాలు పసుపు రంగులో ఉంటాయి. పసుపు గొట్టం కనబడితే చేయి పెట్టకూడదని, ముందు బ్యాటరీ తీగ విప్పి కాసేపు ఆగాలని చెప్పాడు. మన ఇళ్లలో పసుపు శుభం, అక్కడ మాత్రం జాగ్రత్త!

ఇంకో దారి ఉంది. అదే మోడల్లో పక్క సీటుకు కూడా జ్ఞాపకం ఉన్న రకం ఎక్కడైనా అమ్మి ఉంటే, ఆ సీటు, దాని పెట్టె, తలుపు మీటలు, తీగల గుత్తి అన్నీ తెచ్చి బిగించడం. బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు పెట్టి తీగ లాగాలి. కంపెనీ కంప్యూటరుతో కొత్త పెట్టెను కారుకు పరిచయం చేయాలి. ఆ తర్వాత సీటును ఒకసారి ఈ కొసదాకా, ఇంకోసారి ఆ కొసదాకా నడిపితే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో అది నేర్చుకుంటుంది. సీటు బాగా బరువైంది. ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచేది దాని కింది బోల్టులే కాబట్టి, వాటిని ఎంత బిగువుతో బిగించాలో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే బిగించాలి. అన్నీ కలిపి మాకు చెప్పిన ఖర్చు లక్ష దాటింది. సీటు దొరికితే! మా మోడల్లో అట్లాంటి పక్క సీటు ఈ దేశంలో అమ్మనే లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీటు లాంటి పని పెట్టుకునే ముందు రవాణా శాఖ వారినీ, ఇన్సూరెన్సు వారినీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మంచిది. నోటిమాటలు ప్రమాదం జరిగాక పనికి రావు.

ఇదంతా తిరిగాక నాకో సందేహం వచ్చింది. లెక్కపెట్టే మోటారు డ్రైవరు వైపు పెట్టగా లేనిది, పక్క వైపు పెట్టడానికి కంపెనీల చేతికి ఏమడ్డం? జ్ఞాపకం ఉన్న సీటు నిన్నగాక మొన్నటిది కాదు. అమెరికాలో 1957లోనే క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారులో ఉంది. అంటే అరవై ఏళ్లు దాటింది! ఇప్పుడు కూడా బాగా డబ్బున్నవాళ్ల కార్లలో పక్క సీటుకూ జ్ఞాపకం ఉంటుంది. మామూలు కార్లకు వచ్చేసరికి ముందు కోసేసేది పక్క సీటుకే. తమాషా ఏమిటంటే, కొన్ని కార్లలో పక్క సీటు ప్రక్కన ఒక మీట పెడతారు. అది అందులో కూర్చున్న మనిషి కోసం కాదు. వెనక కూర్చున్న పెద్దసారు కాళ్లు చాచుకోవడానికి ముందు సీటును తోసేసేందుకు! దాన్ని ‘బాస్ మోడ్’ అని ముద్దుగా పిలుస్తారు.

ఇందులో వింతేమీ లేదు. కార్లను ఢీకొట్టించి పరీక్షించే బొమ్మలు చాలాకాలం మగవాడి ఒడ్డూ పొడుగుతోనే ఉండేవి. ఆడబొమ్మ అని పెట్టినది కూడా మగబొమ్మను కుదించి చిన్నది చేసిందే. సగటు ఆడమనిషి శరీరంతో, అంటే 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో ఒక బొమ్మను 2022లో స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే ఇంజనీరు బృందం ప్రపంచానికి చూపించింది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించిన పరిశోధనలో, బెల్టు పెట్టుకుని నడుపుతున్న ఆడవాళ్లకు అదే తరహా ప్రమాదంలో తీవ్రమైన గాయాలయ్యే అవకాశం మగవాళ్లకన్నా 47 శాతం ఎక్కువని తేలింది. కొలత ఎవరిదో, బండి వారిది!

సరే, లక్ష లేదు, సీటూ లేదు. ఏం చేయాలి?

ఉపాయం ఎలక్ట్రీషియన్ చెప్పలేదు, ఇంజనీరింగు చదివే మా అబ్బాయీ చెప్పలేదు. నా గోళ్లరంగు సీసా చెప్పింది. మా అమ్మ పప్పు డబ్బా లోపల గోటితో గీత పెట్టుకునేది. ఆ గీత దాకా పోస్తే ఇంటిల్లిపాదికీ సరి. ఆ గీత గుర్తొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే అత్తమ్మను బతిమాలి కారు దగ్గరికి తెచ్చాను. ఎక్కడికీ పోవద్దు, ఊరికే కూర్చో అన్నాను. కారు ఆపి ఉంది, తొందర లేదు, లగ్నం లేదు. ఆమె దిగి నిలబడితే నేను సీటు కొంచెం జరపడం, మళ్లీ కూర్చోబెట్టడం. గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు చాయ్. చివరికి “ఇగో, గిట్లనే ఉంచు” అన్నది. సీటు కింద కదలని పట్టా మీద, కదిలే ప్లాస్టిక్ అంచుకు ఎదురుగా ఎర్ర గోళ్లరంగుతో ఒక చుక్క. వీపు ఎంత వాలాలో తెలియడానికి, రెండు తలుపుల నడుమ స్తంభం మీద, సీటు భుజం అంచు ఎక్కడికి వస్తుందో అక్కడ ఎర్ర స్టిక్కరు ముక్క. ఎత్తుకు ఒక సన్న తడిక పుల్ల, నేలకూ సీటు అంచుకూ నడుమ నిలబెట్టి కొలిచి, సరిగ్గా కోసి గ్లవ్ బాక్సులో పెట్టాను. ముందు జరపాలి, తర్వాత ఎత్తు, ఆఖరున వీపు. వరస మారితే గుర్తులు కలవవు. అది రెండుసార్లు తప్పాక తెలిసింది.

నాకు నీలం, అమ్మకు పచ్చ. మావాడు చూసి “మమ్మీ, కారా, ముగ్గా?” అని నవ్వాడు. నవ్వనీ.

ఇంకా కొన్ని సంగతులు అనుభవంతో తెలిశాయి. ఇంట్లో కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లున్నవాళ్లకు పనికొస్తాయేమో. మనిషిని కూర్చోబెట్టినంక సీటు జరపకూడదు. ముందే సరిచేసి, తర్వాత కూర్చోబెట్టాలి. కారును గట్టు పక్కకు ఆపకుండా కాస్త దూరం ఆపితే కాలు పెట్టడానికి చోటుంటుంది. ఎక్కేటప్పుడు తల లోపలికి పెట్టి ఒక కాలు ఎత్తడం కాదు, ముందు వెనక్కి తిరిగి నిలబడి సీటు అంచున కూర్చోవాలి. అప్పుడు రెండు కాళ్లనూ కలిపి, మొత్తం మనిషి ఒకేసారి లోపలికి తిరగాలి. అందుకు జారే గుడ్డ ఒకటి సీటు మీద వేస్తే ఒళ్లు తేలిగ్గా తిరుగుతుంది. కూర్చున్నాక ఆ గుడ్డ లాగేయాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు మనిషి బెల్టు కింద నుంచి ముందుకు జారుతుంది. మెత్తగా ఉంటుందని లావు దిండ్లు వేస్తుంటాం, వాటితోనూ అదే ప్రమాదం. సీటును పడక్కుర్చీలా వాల్చినా అంతే. నడుం బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. ఎయిర్ బ్యాగు ముందున్న సీటును వీలైనంత వెనక్కి పెట్టాలి. కాళ్లు బార్లా చాచి డ్యాష్‌బోర్డు మీద పెట్టే అలవాటు కుర్రకారుకు ఉంది, ఎయిర్ బ్యాగు విచ్చుకుంటే ఆ కాళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. 2021 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త మోడళ్లన్నిటికీ ముందు పక్క సీటుకూ ఎయిర్ బ్యాగు తప్పనిసరి చేశారు కాబట్టి ఈ మాట అందరికీ వర్తిస్తుంది. ఇక సీటే పక్కకు తిరిగి గుమ్మం దాకా వచ్చే ఏర్పాట్లు జపాన్ కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. మన దగ్గరా అట్లాంటివి బిగించేవాళ్లున్నారు. చేతిలో డబ్బుండి, అవసరం రోజూ ఉన్నవాళ్లు జ్ఞాపకం మీటలకన్నా ముందు దాన్ని ఆలోచించడం మేలు అని నా ఉద్దేశం.

మొన్న బతుకమ్మకు పాలమూరు పోయాం. ముందురోజు రాత్రే మావారు టార్చి పట్టుకుని ఎర్రచుక్కల మీదికి సీటు తెచ్చి పెట్టారు. ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ పొద్దున తనంతట తనే వచ్చి, వెనక్కి తిరిగి, కూర్చుని, గుడ్డ మీద గిర్రున తిరిగింది. దేవరకొండ రోడ్డు మీద వానకు తడిసిన పత్తిచేలు చూపించి, మా మామగారు ఎద్దులబండి మీద తనను మొదటిసారి కాపురానికి తెచ్చిన ముచ్చట చెప్పింది. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, ‘నడుం నొస్తె చెప్పు’ అన్నాడట. “అప్పుడు నాకు నడుం నొచ్చుడేందో తెల్వదు” అని నవ్వింది.

కల్వకుర్తిలో చాయ్ తాగుతుంటే డ్రైవరు తలుపు వైపు చూపించి అడిగింది.

“గా ఒకటి నా కొడుకుది. రెండోది మనుమనిదంటివి. వాడు హాస్టలుకు పాయె గదా. ఇప్పుడు గది ఎవలది?”

ఎవరిదీ కాదన్నాను.

“మరి నువ్వు నేర్సుకోరాదా? ఈడు ఎప్పుడు తీరికున్నప్పుడే మనం పోవాల్నా?”

మావారు గ్లాసు కిందపెట్టి, ఏమీ అనకుండా తాళం చెవులు నా చేతిలో పెట్టారు. ఆ రోజు నడపలేదు లెండి, అంత ధైర్యం లేదు. కానీ డ్రైవరు సీట్లో కూర్చుని, నాకు రోడ్డు కనబడే ఎత్తుకు తెచ్చుకుని, సెట్ నొక్కి 2 నొక్కాను. ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి ఎన్జీ కాలేజీ గ్రౌండు దగ్గర నేర్చుకుంటున్నాను. పక్క సీట్లో ఎర్రచుక్కల మీద అత్తమ్మ కూర్చుని, “మెల్లగ బిడ్డా, మెల్లగ” అంటుంటుంది. రివర్సు ఇంకా రాలేదు.